ముందు గ్రాఫిక్స్ కార్డు సంగతి చూడండి

వీఆర్ (కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుని చూసే వర్చువల్ రియాలిటీ) గేమింగ్‌కి పీసీ ఎంచుకోవడం గురించిన మీ వ్యాసంలో, ప్రాసెసర్ ఖరీదైనది కొంటే సగం పని అయిపోయినట్టేనని రాశారు. నేను ఒప్పుకోను. మెటా క్వెస్ట్ 3 హెడ్‌సెట్‌లో ఒక్కో కంటికి 2064 × 2208 పిక్సెళ్లు. 90 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 90 ఫ్రేములతో (బొమ్మలతో) ఆడాలంటే రెండు కళ్లకూ కలిపి ఒక్కో ఫ్రేము సుమారు 11 మిల్లీసెకన్లలో తయారవ్వాలి. ఆ భారం ఎక్కువగా పడేది గ్రాఫిక్స్ కార్డు మీదే. మానిటర్ మీద ఫ్రేములు కాస్త తగ్గినా సర్దుకుపోతాం గానీ, హెడ్‌సెట్‌లో తగ్గితే చాలామందికి కళ్లు తిరిగి వాంతి వచ్చినట్టు ఉంటుంది. కాబట్టి బడ్జెట్‌లో పెద్ద వాటా కార్డుకే. వీరామ్ (కార్డులో ఉండే సొంత మెమరీ) 12 జీబీ ఉంటే ఇంకా మంచిది. ఫ్లైట్ సిమ్యులేటర్ల విషయంలో మాత్రం మీ మాట నిజమే, వాటికి ప్రాసెసర్ కూడా గట్టిదే కావాలి.

వైఫై గురించి అసలు రాయలేదేంటండీ? క్వెస్ట్‌ని వైర్ లేకుండా పీసీతో ఆడాలంటే పీసీ నుంచి రౌటర్‌కి ఈథర్‌నెట్ కేబుల్ ఉండాలి, హెడ్‌సెట్ 5 లేదా 6 గిగాహెర్ట్జ్ వైఫై మీద నడవాలి. ఇది లేకపోతే ఎంత పెద్ద కార్డున్నా బొమ్మ ఆగి ఆగి వస్తుంది.

ల్యాప్‌టాప్ కొనేవాళ్లకు ఇంకో మాట. వాల్వ్ ఇండెక్స్ అనే హెడ్‌సెట్‌కి పీసీలో డిస్‌ప్లేపోర్ట్ అనే వీడియో పోర్టు కావాలి, హెచ్‌డీఎంఐ పనికిరాదు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఆ పోర్టు విడిగా ఉండే గ్రాఫిక్స్ చిప్‌కి కాకుండా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కి కలిపి ఉంటుంది. షాపులో అడిగితే వాళ్లకీ తెలియకపోవచ్చు, ఆ మోడల్ స్పెసిఫికేషన్లు మీరే చూసుకోండి.