బాధ్యతతో కాయ్ రాజా కాయ్

“ఈ ఆటలో ఆర్థికపరమైన రిస్కు ఉంది, వ్యసనంగా మారవచ్చు, దయచేసి బాధ్యతతో, మీ సొంత రిస్కు మీద ఆడండి.”

చూశారా, ఒకప్పుడు టీవీలో ఆన్‌లైన్ రమ్మీ ప్రకటనల చివర వచ్చిన ఈ హెచ్చరికని మీరు మామూలుగా చదివేశారు. అలా చదవకూడదు. ముందు ఒక హీరోగారు సోఫాలో కూర్చుని, సెల్‌ఫోన్ మీద వేలు ఆడించి, పక్కింటికి వినపడేలా నవ్వాలి. పైనుంచి నోట్లు రాలాలి. చెల్లెలి పెళ్ళి అయిపోవాలి, ఇంటికి స్లాబు పడిపోవాలి, గేటు ముందు కారు ఆగాలి. అప్పుడు, రైలు కదిలాక ప్లాట్‌ఫాం మీద పరిగెడుతూ కిటికీలోంచి అప్పగింతలు చెప్పే మేనమామలాగా ఒక గొంతు వచ్చి, ఊపిరి తీసుకోకుండా ఆ వాక్యం మొత్తం అనేసి పోవాలి. మన చెవికి దక్కేది చివరి “డండి” ఒక్కటే.

నేను ఆ గొంతుకి వీరాభిమానిని. ఈ దేశంలో జూద నియంత్రణ అనే మహాకార్యాన్ని కొన్నేళ్ళపాటు ఒంటిచేత్తో, క్షమించాలి, ఒంటిగొంతుతో నడిపిన మనిషి ఆయన. 2020 డిసెంబరు 15 నుంచి ఈ హెచ్చరిక ఉండాల్సిందేనని ప్రకటనల ప్రమాణాల మండలి తీర్మానించింది. మండలి అంటే ప్రకటనల పరిశ్రమ తన తప్పులు తనే విచారించుకోవడానికి వేసుకున్న పెద్దమనుషుల సభ. అచ్చు ప్రకటనలో ఐదో వంతు జాగాకి తగ్గకూడదన్నారు. టీవీలో మామూలుగా మాట్లాడే వేగంతో చదవాలన్నారు. ఎవరి మామూలో చెప్పలేదు. చేపల వేలం పాడేవాడికీ ఒక మామూలు ఉంటుంది కదా.

నాకు మాత్రం ఆ వేగంతో పేచీ లేదు. ఆ వాక్యంలో “బాధ్యతతో ఆడేవాడు” అని ఒకాయన ఉన్నాడు చూడండి, ఆయన్ని ఒక్కసారి కళ్ళారా చూడాలని కోరిక. ఊహలో తప్ప దొరకలేదు. కాబట్టి ఊహిస్తాను.

శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి ఆయన స్నానం చేసి, విభూతి పెట్టుకుని, వంటింటి గడప దగ్గర నిలబడి అంటాడు: “ఏమోయ్, ఈ రాత్రి ఒక ఐదొందలు పోగొట్టుకుందామనుకుంటున్నాను. నీకేమైనా అభ్యంతరమా?” ఆవిడ పాల లెక్క పుస్తకం తీసి పాలు, పేపరు, గ్యాసు కింద “రమ్మీ” అని ఒక గీత గీసి రాసుకుంటుంది. ఆయన ఆడతాడు. ఎనిమిదీ నలభైకి ఐదొందలూ పోతాయి. ఒక్క ముక్క పడి ఉంటే షో కొట్టేవాడు. అయినా చలించడు. ఫోను చార్జింగ్‌లో పెట్టి, మజ్జిగ తాగి, దుప్పటి కప్పుకుని గురక పెడతాడు.

ఇక్కడ గురక మొదలవగానే అక్కడ కంపెనీలో సైరన్ మోగుతుంది. “సార్, ఒక కస్టమర్ ఆపేశాడు!” “ఎందుకు, డబ్బులైపోయాయా?” “లేదు సార్, ఉన్నాయి. ఆపేశాడంతే.” గదంతా నిశ్శబ్దం. ఇలాంటి కేసు ట్రైనింగులో చెప్పలేదు. ఎవరో వెయ్యి రూపాయల బోనస్ వేస్తారు. గురక. “మీ కోసం ప్రత్యేక టోర్నమెంట్” అని మెసేజ్ పెడతారు. గురక. ఆఖరికి రిలేషన్‌షిప్ మేనేజర్ రంగంలోకి దిగుతాడు. “నమస్తే సార్, నాలుగు రోజులైంది మీరు కనబడి. ఒంట్లో బాగుందా? అమ్మగారు బాగున్నారా? బాబు పరీక్షలు ఎలా రాశాడు?” సీటెల్లో ఉన్న సొంత కొడుకు నెలకోసారి చేస్తాడండీ ఫోను, అదీ వాళ్ళావిడ గుర్తు చేస్తే. దసరాకి అలిగిన కొత్త అల్లుణ్ణి కూడా ఇంతగా బతిమాలరు.

ఇలాంటి బాధ్యతాయుతులు దేశంలో పదివేల మంది ఉంటే ఆ కంపెనీలు తలుపులకి తాళం వేసుకుని ఇంటికి పోతాయి. చాలా దేశాల్లో లెక్క తీస్తే తేలిందేమంటే, జూదం వ్యాపారానికి వచ్చే రాబడిలో పెద్ద ముక్క, ఆపుకోలేని కొద్దిమంది జేబుల్లోంచే వస్తుంది. ఎక్కువ పోగొట్టుకున్నవాడికి వీఐపీ అని పేరు పెడతారు. డబ్బు వెయ్యడానికి యూపీఐలో ఒక్క సెకను చాలు. తీసుకోవడానికి మాత్రం పాన్ కార్డు, కేవైసీ, సెల్ఫీ, “మీ అభ్యర్థన పరిశీలనలో ఉంది”. పరిశీలన పూర్తయ్యేలోపు మనవాడే ఆ డబ్బుని మళ్ళీ ఆటలోకి తిప్పేస్తాడని వాళ్ళకి తెలుసు. పేకాట నైపుణ్యం ఎవరిదోగానీ మనిషిని చదివిన నైపుణ్యం వాళ్ళది.

నైపుణ్యం అంటే గుర్తొచ్చింది. 1867లో దొరలు జూద చట్టం చేస్తూ, కేవలం నైపుణ్యంతో ఆడే ఆటలకి ఇది వర్తించదని ఒక కిటికీ తెరిచి పెట్టారు. జూదశాల నడిపేవాడికి జరిమానా రూ.200 దాకా. ఇప్పుడు ఆ డబ్బుకి కుటుంబంతో టిఫిన్ తిన్నా చాలదు. తర్వాత 1967లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. రమ్మీలో ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి, కనుక ప్రధానంగా నైపుణ్యమే అంది కోర్టు. ఆ ఒక్క మాటని కంపెనీలు తాయెత్తు కట్టుకున్నాయి. అదే తీర్పులో ఇంకో మాట ఉంది. పందెం పెట్టి ఆడించే ఆట మీద ఆ క్లబ్బు యజమాని లాభం తీసుకుంటుంటే నేరం కిందికి రావచ్చని. ప్రతి ఆటకీ తన వాటా కోసుకునే యాప్‌వాళ్ళ వకీళ్ళకి ఆ పేజీ ఎప్పుడూ అంటుకుపోయే ఉండేది.

బెట్టింగు, జూదం రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలోవి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందాలని నిషేధించాయి. ఏం జరిగింది? ఖమ్మంలో నులకమంచం మీద పడుకున్నవాడు ఫోన్లో ఫేక్ జీపీఎస్ పెట్టుకుని బెంగళూరు పౌరుడయ్యాడు. పాస్‌పోర్టు లేకుండా, బస్సు టికెట్ లేకుండా, దోమతెరలోంచి కాలు బయటపెట్టకుండా రాత్రికి రాత్రే వలసపోయిన జనం మనవాళ్ళు. ఆ రోజుల్లోనే పేపర్లో జిల్లా పేజీ తిప్పితే, “పక్కా సమాచారం మేరకు మామిడితోటపై దాడి చేసిన పోలీసులు ఏడుగురు పేకాటరాయుళ్ళను అదుపులోకి తీసుకుని నగదు, సెల్‌ఫోన్లు స్వాధీనం చేసుకున్నారు”. ఫొటోలో బల్ల మీద ముక్కలు విసనకర్రలా పరిచి ఉంటాయి. రాయుళ్ళ ముఖాలకి తువ్వాళ్ళు. ముక్కలు పట్టుబడ్డాయి సరే, పక్కనే వరసగా పేర్చిన ఆ సెల్‌ఫోన్లలో ఎంత పెద్ద మామిడితోట ఉందో ఎవరూ తెరిచి చూడలేదు.

గోవా సంగతి ఇంకా ముచ్చట. మాండవి నదిలో కేసినో ఓడలు తేలుతుంటాయి. 2020 నుంచి గోవా ప్రభుత్వం తన సొంత రాష్ట్రం వాళ్ళని మాత్రం వాటి జూదశాలల్లోకి రానివ్వకూడదంది. అంటే అది మంచిది కాదని వాళ్ళకి తెలుసు. మన పిల్లలు వారాంతానికి విమానం ఎక్కి వస్తే అది పర్యాటకం.

కేంద్రం 2023 అక్టోబరు 1 నుంచి ఆన్‌లైన్ ఆటల్లో పెట్టిన పూర్తి పందెం మీద 28 శాతం జీఎస్టీ వేసింది. గెలిస్తే 30 శాతం టీడీఎస్. ఓడిన డబ్బుని వేరే ఆదాయంలో తగ్గించుకోవడం కుదరదు. ఓడినా గెలిచినా సర్కారు చెయ్యి బల్ల మీదే ఉంది. జీఎస్టీలో ఫలానా పైసా ఫలానా రోగానికి అని రాసిపెట్టరు కాబట్టి, అందులో ఈ పిచ్చి పట్టినవాడి వైద్యానికి ఎంత పోయిందని అడిగే వీలే లేదు.

తర్వాత ఒక ఆగస్టులో అందరికీ జ్ఞానోదయం అయింది. ఆన్‌లైన్ డబ్బు ఆటల్ని నిషేధించే బిల్లుకి 2025 ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి సంతకం. ముప్పావుగంటలో పెళ్ళి తంతు ముగించే పంతులు కూడా కొంచెం నెమ్మది. నైపుణ్యమా, అదృష్టమా అన్న తకరారు లేదు, డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడిస్తే మూడేళ్ళ దాకా జైలు, కోటి దాకా జరిమానా. ప్రకటనలిస్తే రెండేళ్ళు, యాభై లక్షలు. ఆడినవాడికి శిక్ష లేదు. ఆ ఒక్కటీ నిజంగా మెచ్చుకోవాలి, మెచ్చుకుంటున్నాను. 45 కోట్ల మంది ఏటా రూ.20 వేల కోట్లు పోగొట్టుకుంటున్నారని కేంద్రమే అంచనా చెప్పింది. ఇంతమంది కాలుతుంటే ఇన్నాళ్ళు పన్ను ఎంత శాతం వెయ్యాలా అని ఆలోచించారన్నమాట.

యాప్‌లకి నోటీసు అందింది. అలవాటుకి అందలేదు. ఇప్పుడు టెలిగ్రాంలో పందేలు కాయడానికి “ఐడీ కావాలా బ్రో” అంటున్నారు. సర్వరు ఏ దేశంలోనో, డబ్బు వేసేది మాత్రం మన ఊరివాడి ఖాతాలోనే. పొద్దున ఒక పేరు బ్లాక్ చేస్తే మధ్యాహ్నానికి చివర ఒక అంకె తగిలించుకుని లేస్తుంది.

పోనీ ఆ వాక్యమైనా పోయిందా? టీవీలోంచి పోయింది. మనుషుల నోళ్ళలోకి దిగింది.

మొన్న ఒకరింట్లో అప్పుల పంచాయితీకి పిలిస్తే వెళ్ళాను. ఇరవయ్యారేళ్ళ కుర్రాడు, చిన్న ఉద్యోగం, ఐపీఎల్‌తో మొదలు. క్రెడిట్ కార్డులు, లోన్ యాప్‌లు, అక్క గొలుసు, స్నేహితుల దగ్గర చేబదుళ్ళు. మూడెకరాలు అమ్మితేగానీ తేలలేదు. వాడు నేలవంక చూస్తూ కూర్చున్నాడు. రిటైరైన ఒక పెద్దమనిషి కాఫీ ఊదుకుంటూ అన్నాడు: “అందరూ ఆడట్లేదా? కాస్త బాధ్యత ఉండొద్దూ!”

బాధ్యతట. అమెరికా మానసిక వైద్యులు 2013లోనే ఈ జూదం జబ్బుని తాగుడు, మత్తుమందుల వరసలో పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రోగాల పట్టికలో రాసింది. అతికొద్దిలో ఓడినప్పుడు ఇంకోసారి ఆడాలనే కోరిక పెరుగుతుందని తెలిసి, అలా ఓడిపోయేటట్టే ఆటలు చేసేవాళ్ళున్నారు. ఒక మెదడుని తాళం తీసే పనికి వందమంది ఇంజనీర్లని పెట్టి, రాత్రి రెండింటికి బోనస్ పంపి, ఆగినవాణ్ణి ఫోను చేసి లేపి, లాభం లెక్కపెట్టుకుని, పన్ను కట్టించుకుని, నోట్లు రాల్చి నవ్విన హీరోకి పారితోషికం ఇచ్చి, ఇంతమందీ పంచుకున్నాక మిగిలిన ఒకే ఒక్క వస్తువు బాధ్యత. దాన్ని తెచ్చి, దాన్ని మొయ్యలేని స్థితిలో ఉన్న ఒకే ఒక్కడి నెత్తిన పెట్టారు. సిగ్గుండాలి. 2025 మార్చిలో హైదరాబాద్‌లో బెట్టింగ్ యాప్‌లకి ప్రచారం చేసినవాళ్ళ మీద కేసులు పెడితే, స్కిల్ గేమ్ అనుకున్నాం అన్నారు కొందరు. అంత అమాయకులకి సినిమాలెలా ఇస్తున్నారో! అంతంత వాక్యం రాసిన మండలికి, అందులో సహాయం అడగాల్సిన ఒక ఫోన్ నంబరు ఇరికించాలని తోచలేదు. 2022లో ప్రభుత్వమే మానసిక సహాయానికి టెలీ మానస్ అని 14416 పెట్టింది. అయిదంకెలు. ఆ గొంతు వేగానికి అర సెకను పట్టేది.

ఇవన్నీ ఆ పెద్దమనిషితో అనలేదు. అనలేకపోయాను, ఆయనకి అప్పటికే రెండో కాఫీ వచ్చింది.

లేచి బయటికి వస్తుంటే కుర్రాడి తండ్రి గేటు దాకా వచ్చాడు. లోపల ఒక్క మాటా మాట్లాడని మనిషి. అటూ ఇటూ చూసి, నా చెయ్యి పట్టుకుని మెల్లిగా అడిగాడు.

“బాబూ, మీరు చదువుకున్నోళ్ళు. ఆ ఆట నాకు కాస్త చెప్పగలరా? వాడు తొందరమనిషి, పోగొట్టాడు. నేను జాగ్రత్తగా ఆడతాను. ఆ మూడెకరాల డబ్బులొచ్చేదాకానే.”

నేను చెప్పులు వెతుక్కున్నాను.