చిన్న దేవుడిని వెనకేసుకు రావడం తేలిక: మోర్మన్ విశ్వాసం తరఫున కొన్ని సరదా వాదనలు

1844 మార్చిలో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం, నావూ పట్టణంలో కింగ్ ఫాలెట్ అనే వ్యక్తి బావిలోకి దిగి గోడకు రాళ్లు పేరుస్తుండగా పైనుంచి రాళ్లు మీదపడి చనిపోయాడు. (కింగ్ అన్నది బిరుదు కాదు, అతని పేరే.) ఏప్రిల్ 7న, అతన్ని తలుచుకుంటూ వేలాది మంది ముందు మోర్మన్ మత స్థాపకుడు జోసెఫ్ స్మిత్ ఒక ఉపన్యాసం చేశాడు. దేవుడు కూడా ఒకప్పుడు మనలాంటి మనిషేనని, మనుషుల ఆత్మలను ఆయన సృష్టించలేదని, ఆయనలాగే అవీ అనాదిగా ఉన్నాయని చెప్పాడు. మిగతా క్రైస్తవ లోకానికి ఇది శుద్ధ దైవదూషణ.

నేను మోర్మన్‌ను కాను. ఫిల్టర్ కాఫీ గొంతు దిగనిదే తెల్లవారినట్టు లెక్కలేని ఇంట్లో పుట్టినవాడికి, కాఫీ టీలు నిషేధించిన ఆ మతంలో చేరే అర్హత రావడం కష్టం. అయినా, నవ్వులాటగా మొదలుపెట్టి చూస్తే, లోకం ఎగతాళి చేసే మోర్మన్ నమ్మకాలే తత్త్వశాస్త్రంలో వాళ్లకు అన్నిటికన్నా ఎక్కువ అక్కరకు వస్తున్నాయని నాకు అనిపిస్తుంది.

ఫాలెట్ బావినే తీసుకుందాం. దేవుడు సర్వశక్తిమంతుడు, దయామయుడు, పైగా సమస్తాన్నీ శూన్యంలోంచి సృష్టించాడు అన్నవారికి ఆ రాళ్లు పెద్ద చిక్కు తెచ్చిపెడతాయి. కుండ పగిలితే కుమ్మరిని అడుగుతాం. మట్టిది దోషమని అతను తప్పించుకోవచ్చు. కానీ ఆ మట్టిని కూడా నేనే చేశానని చెప్పుకున్న కుమ్మరికి ఆ దారి మూసుకుపోతుంది. స్మిత్ చెప్పిన దేవుడు మాత్రం మట్టి దొరికిన కుమ్మరి. పదార్థమూ ఆయన చేసింది కాదు, ఆత్మలూ ఆయన చేసినవి కావు. ఉన్నవాటిని తీర్చిదిద్ది పైకి తేవడమే ఆయన పని. ఎవరి మొండితనానికైనా, ఏ రాయి బరువుకైనా ఆయనను తయారీదారుగా పట్టుకుని నిలదీయలేం. లేనిది ఎన్నటికీ పుట్టదన్న సాంఖ్యుల సత్కార్యవాదం విన్న మనకు ఇందులో ఉలిక్కిపడాల్సింది పెద్దగా కనిపించదు.

అయితే ఈ బేరంలో నష్టం లేకపోలేదు. మొసలి నోట కాలు చిక్కిన గజేంద్రుడు చివరికి మొరపెట్టుకున్నది చేతనైనంత సాయం చేసే పెద్దమనిషికి కాదు. శక్తికి హద్దులున్న దేవుడు నిందనుంచి బయటపడతాడు సరే, చివరికి మంచే గెలుస్తుందని ఆయన పూచీ ఇవ్వగలడా? మోర్మన్ తత్త్వవేత్తలు దీనికి చెప్పే జవాబులు నాకు పూర్తిగా నచ్చలేదు. కానీ ప్రమాదంలో పోయిన బిడ్డ తల్లి దగ్గర కూర్చున్నప్పుడు, ఇది కూడా ఆయన సంకల్పమే అనడం కన్నా ఆయన కూడా ఏడుస్తున్నాడనడమే మర్యాదగా ఉంటుంది.

మరి ఆ దేవుడిని ఎవరు పుట్టించారు? ఈ ప్రశ్న వేసిన పిల్లవాడిని అన్ని మతాల్లోనూ పెద్దలు కసురుతారు. స్మిత్ కసరలేదు. 1844 జూన్ 16న, అంటే ఇల్లినాయ్‌లోనే ఉన్న కార్తేజ్ ఊరి జైల్లో హత్యకు గురికావడానికి పదకొండు రోజుల ముందు, ఆ తండ్రికీ ఒక తండ్రి ఉన్నాడన్నాడు. నేటి మోర్మన్ సంఘ పెద్దలు ఈ మాటను అంతగా నొక్కి చెప్పడం లేదు గానీ, తర్కం తెలిసినవాడు వెంటనే ఇది అనవస్థా దోషం, అంటే అంతు లేకుండా వెనక్కి పోతూనే ఉండే వాదన అంటాడు. మన తార్కికులే దానికి మినహాయింపు కూడా ఇచ్చారు: విత్తనం ముందా మొలక ముందా అని తేలకపోయినా పంట ఆగదు కనుక, బీజాంకుర న్యాయంలో అనవస్థ దోషం కాదు. స్మిత్‌కు ఈ సంగతి తెలిసి ఉండదు, తెలిసుంటే వాడుకునేవాడే.

ఆత్మ కూడా ఒక సూక్ష్మ పదార్థమేనని 1843లో ఆయన చెప్పిన మాట మనసుకూ శరీరానికీ లంకె ఎలా అన్న పాత తగవును ఒక్క వాక్యంలో కొట్టేసింది. తగవు తీరిందా, పేరు మారిందా అన్నది వేరే సంగతి.

నాకు అన్నిటికన్నా గట్టిగా తోచిన వాదన చనిపోయినవారి బాప్తిస్మంలో ఉంది. యేసు పేరు వినకుండానే పోయిన కోట్లాది మంది గతేమిటి? వేంగి చాళుక్యుల కాలంలో గోదావరి ఒడ్డున నాగలి పట్టిన రైతు చేసిన తప్పేమిటి? మోర్మన్లు ఈ ప్రశ్నను తప్పించుకోకుండా గుమాస్తా పనిగా మార్చేశారు. వంశవృక్షాలు తవ్వుతారు, యూటాలోని గ్రానైట్ కొండను తొలిచి కట్టిన భాండాగారంలో మైక్రోఫిల్ములు దాస్తారు, ఒక్కో పేరునూ గుడికి పట్టుకెళ్తారు. పన్నెండు ఎద్దుల శిల్పాల వీపు మీద నిలిపిన తొట్టెలో, పోయినవారి పేరిట బతికున్నవారు మునుగుతారు. ఒప్పుకోవడమా కాదనడమా అన్నది పోయినవారి ఇష్టం. గయలో పిండం పెట్టివచ్చిన కుటుంబాలకు దీని వెనకున్న ఆరాటం విడమరిచి చెప్పనక్కర్లేదు. కాకపోతే మనం మనవాళ్లకు పెడతాం. యూదు మారణహోమంలో పోయినవారికి కూడా బాప్తిస్మాలు జరిగాయని బయటపడ్డాక వాళ్ల బంధువులకు కోపం రావడం న్యాయమే. 1995లో సంఘం ఆ పని ఆపుతామని ఒప్పుకుంది.

ఇక బంగారు రేకులు. దేవదూత చూపించిన రేకులను అనువదించానని స్మిత్ 1830లో పల్మైరా పట్టణంలో మోర్మన్ల పవిత్ర గ్రంథమైన మోర్మన్ గ్రంథాన్ని అచ్చు వేయించాడు. 5,000 ప్రతుల ఖర్చుకు మార్టిన్ హారిస్ అనే రైతు పొలం తాకట్టు పెట్టాడు. రేకులను చూశామని పదకొండు మంది సంతకాలు చేశారు. వారిలో ముఖ్యులైన ముగ్గురూ, హారిస్‌తో సహా, తర్వాత సంఘంతో తెగతెంపులు చేసుకున్నారు, కానీ చూశామన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. అద్భుతం పాతదైతే పురాణం, కొత్తదైతే మోసం అనుకునే మన అలవాటును ఈ కథ ఇరుకున పెడుతుంది. అయినా ఇక్కడ సరదా పక్కన పెట్టాలి. అబ్రహాము రాసినదని స్మిత్ అనువదించిన పపైరస్‌ల ముక్కలు 1967లో న్యూయార్క్ మ్యూజియం నుంచి బయటపడినప్పుడు, అవి మామూలు ఈజిప్టు అంత్యక్రియల పత్రాలని నిపుణులు తేల్చారు. తత్త్వం దేవుడి నిర్వచనాన్ని కాపాడగలదేమో గానీ, తప్పు అనువాదాన్ని కాపాడలేదు.

కాఫీ సంగతి మిగిలింది. 1833 నాటి ఆజ్ఞలో ఉన్నది వేడి పానీయాలన్న మాట మాత్రమే. అంటే టీ, కాఫీలేనని పెద్దలు అర్థం చెప్పారు. అందుకే వేడి మూలికల కషాయం తాగవచ్చు, చల్లని కాఫీ మాత్రం తాగకూడదు. నవ్వు వస్తుంది, కానీ ఆచారానికి తర్కం అతికితే అది వైద్య సలహాగా మిగిలిపోతుంది. అతకకపోతేనే అది ఫలానా వాళ్లని గుర్తుపట్టే బొట్టు అవుతుంది. భారతదేశంలో ఆ సంఘం తొలి స్టేక్, అంటే అనేక స్థానిక సభలను కలిపిన విభాగం, 2012లో ఏర్పడింది ఇరానీ చాయ్‌కి పేరుపడ్డ హైదరాబాద్‌లోనే. అక్కడి సభ్యుడు చుట్టపుచూపుగా ఎవరింటికైనా వెళ్తే, బంగారు రేకుల గురించి అడిగేవారు ఉండరు. కప్పూసాసరూ ముందుకు వస్తాయి. వద్దంటే పిన్నిగారు ఊరుకోరు, షుగరా నాయనా అని అడుగుతారు.