శాలువా గారికి ఒక మాజీ గుమస్తా విన్నపం

మహారాజశ్రీ శాలువా గారి సముఖమునకు,

విషయము: పురపాలక సంఘ సమావేశాలలో తమరు నిర్వహిస్తున్న పాత్రను గూర్చి.

ఆర్యా,

నేను కోస్తాలోని ఒక చిన్న మున్సిపాలిటీలో 31 సంవత్సరాలు గుమస్తాగిరీ వెలగబెట్టి పదవీ విరమణ చేసినవాణ్ణి. కౌన్సిల్ సమావేశానికి ఎజెండా తయారు చేయడం, దాన్ని సభ్యుల ఇళ్లకు పంపి సంతకాలు తెప్పించడం, మినిట్స్ పుస్తకం రాయడం నా విధులు. తమరిని కొని తీసుకురావడం ఆ విధులలో ఎక్కడా లేదు గానీ, అన్నింటికంటే ఒళ్లు దగ్గర పెట్టుకొని చేసిన పని అదే. వారం రోజులు కుళాయిలు రాకపోతే మా ఆఫీసులో ఎవరికీ మెమో రాలేదు. ఒక గణతంత్ర దినోత్సవం నాడు సన్మానితులు తొమ్మిదిమంది, శాలువాలు ఎనిమిది అయిన పాపానికి మాత్రం సాయంత్రంలోగా నాకు మెమో వచ్చింది.

తమరి వంశం గొప్పదని ఎరుగుదును. శ్రీనాథ మహాకవికి ప్రౌఢదేవరాయలు కనకాభిషేకం చేయించాడని మనవాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ బంగారం కరిగి కరిగి, చివరికి తమరి అంచున జరీ గీతగా మిగిలింది. అదీ మొదటి ఉతుకు దాకానే.

అయితే చట్టంలో తమరి స్థానమేమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. 1861లోనే భీమునిపట్నంలో మున్సిపాలిటీ వెలసిన ప్రాంతం మనది. 1965 నాటి మున్సిపాలిటీల చట్టం ఉండనే ఉంది. 1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పన్నెండో షెడ్యూలులో 18 అంశాలను వరుసగా రాసిపెట్టి, నీటి సరఫరా, పారిశుధ్యం, వీధి దీపాలు, శ్మశానాలు మొదలుకొని బందెలదొడ్ల దాకా పట్టణ సంస్థలు చూసుకోదగిన పనులివి అని తేల్చింది. ఆ 18లో తమరు లేరు. 19వ అంశంగా వెనక తలుపులోంచి వచ్చి, మిగిలిన వాటన్నిటినీ బెంచీ చివరికి జరిపి తమరు మధ్యలో కూర్చున్న తీరు మాత్రం నేను కళ్లారా చూశాను.

ఒక సమావేశం సంగతి మనవి చేస్తాను. ఎజెండాలో 43 అంశాలు. పదకొండు గంటలకు మొదలు కావలసిన సభ పన్నెండున్నరకు మొదలైంది. మొదటి అంశం చదవబోతుండగా ఛైర్‌పర్సన్ గారు చేయెత్తి నన్ను ఆపి, ముందుగా ఒక సత్కారం ఉన్నదన్నారు. ఎజెండాలో లేదు, అప్పటికప్పుడు టేబుల్ ఎజెండా. పట్టణానికి పేరు తెచ్చినందుకు ఒక పెద్దమనిషికి సన్మానం. ఏ విధంగా పేరు తెచ్చారో మినిట్స్‌లో రాయడానికి అడిగితే, ‘విశిష్ట సేవలు’ అని రాసుకోమన్నారు. అధికార పక్షం, ప్రతిపక్షం, కో-ఆప్షన్ సభ్యులు కలిసి లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నా సర్వీసులో ఆ హాలు మొత్తం ఏకతాటిపై నిలబడింది తమరిని కప్పేటప్పుడే. పన్నుల మీద అసమ్మతి పత్రం ఇచ్చిన సభ్యులున్నారు, డ్రైనేజీ టెండరు మీద పోడియం ముందు బైఠాయించినవారున్నారు. తమరి మీద అసమ్మతి తెలిపినవారు పుట్టలేదు.

తరువాత భోజనం వేళయింది గనుక నేను అంశాలను నంబర్లు మాత్రమే చదివాను, సభ్యులు ‘పాస్, పాస్’ అన్నారు. 27వ అంశం దగ్గర మాత్రం ఆగారు. పాత బస్టాండు వెనక వీధిలో ఆరిపోయిన దీపాలు మార్చడానికి అంచనాల ఆమోదం అది. ఆ వీధి ఏ వార్డు కిందికి వస్తుందన్న విషయంలో ఇద్దరు సభ్యులకు మాట పట్టింపు వచ్చి, అంశాన్ని వాయిదా వేయడమైనది. 43వ అంశం, గడచిన త్రైమాసికంలో ముందస్తు అనుమతితో చేసిన శాలువాల, పూలమాలల, జ్ఞాపికల సాదిల్వారు, అంటే చిల్లర ఖర్చుకు ధ్రువీకరణ. ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.

ఆ ఏడాది స్వాతంత్ర్య దినోత్సవానికి ఉత్తమ పారిశుధ్య కార్మికురాలిగా ఒకామెను ఎంపిక చేశారు. పేరు అనవసరం. పందొమ్మిదేళ్లుగా ఔట్‌సోర్సింగు మీద ఊడుస్తున్న మనిషి. ఆమెకు తమరిని కప్పడానికి ఏడుగురు ముందుకు వచ్చి తలొక కొసా పట్టుకున్నారు. ఫొటోలో ఏడు ముఖాలు, మధ్యన తమరు స్పష్టంగా పడ్డారు. ఆమె జాడగా తమరి పైఅంచు మీదుగా ఒక కొప్పు, అందులో కనకాంబరాలు కనబడ్డాయి. ప్రశంసాపత్రంలో ఇంటిపేరు తప్పు పడింది. ఆ తప్పు నాదే. మర్నాడు ఆమె ఆఫీసుకు వచ్చి, దిద్దించుకోవడానికి కాబోలు అనుకుంటే, ‘అయ్యగారూ, ఈ కొట్టాయన దీన్ని వెనక్కి తీసుకుంటాడా?’ అని అడిగింది. తీసుకోడమ్మా, అది ప్రభుత్వ సొమ్ము అన్నాను. ‘మరి నాకిచ్చేశారు గదా’ అంది. దానికి నిబంధనలలో సమాధానం లేదు.

అసలు కథ ఆమె హాజరుది. మస్తరు పుస్తకంలో మేస్త్రీ టిక్కు పెట్టే రోజులు పోయి, ఫోనులో ముఖం చూపిస్తే గుర్తుపట్టి హాజరు వేసే యాప్ వచ్చింది. ఆమె మస్తరు పాయింటు పాత బస్టాండు వెనక వీధి. తెల్లవారుజామున అయిదు గంటలు, 27వ అంశం వాయిదా పడిన వీధి. ఆ చీకట్లో యాప్ ఆమె ముఖాన్ని గుర్తుపట్టక, ఆ నెలలో ఆరు రోజులు ఆబ్సెంటు వేసింది. జెండా కింద అంతమంది పెద్దలు గుర్తించిన మనిషిని మరుసటి వారమే ఒక ఫోను గుర్తించలేదు. జీతం కోత వేసిన కాగితం కూడా నా చేతి మీదుగానే వెళ్లింది, ప్రశంసాపత్రం వెళ్లినట్టే.

ఇది ఆమె ఒక్కదాని సంగతి కాదని తమరికి తెలియనిది కాదు. 2020 లాక్‌డౌన్ నాళ్లలో ఊరూరా పారిశుధ్య కార్మికుల మీద పూలు చల్లారు, కాళ్లు కడిగారు, తమరు లెక్కలేనన్ని భుజాలెక్కారు. 2023 డిసెంబరు చివర్లో అవే భుజాలు జీతాల కోసం రాష్ట్రమంతటా సమ్మె శిబిరాల కింద కూర్చున్నప్పుడు, 2024 జనవరిలో కూడా చెత్త వీధుల్లో పేరుకుంది గానీ, తమరు అటువైపు తొంగిచూసినట్లు ఏ మినిట్స్‌లోనూ లేదు. తెలంగాణ వారి 2019 పురపాలక చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని, లేకుంటే బాధ్యులను నిలదీయాలని పట్టుబట్టింది. తమరిని కప్పిన మనుషులలో ఎందరు ఆ తరువాతి నెల జీతం పూర్తిగా అందుకున్నారో లెక్క తీయమనే చట్టం ఇంకా ఎక్కడా రాలేదు.

నా సొంత గొడవ ఒకటి క్లుప్తంగా చెప్పుకుంటాను. నా పదవీ విరమణ సభలో నాకు కప్పిన శాలువా కొసన పసుపు మరక కనిపించింది. గత ఉగాది పురస్కారాలకు నేనే కొన్న డజనులోనిది. మరక పడిందని పక్కన పెట్టి, బీరువాలో నేనే నాఫ్తలీన్ ఉండలు వేసి దాచినది. వక్తలు నా నిజాయితీని పొగుడుతుంటే ఆ వాసనకు నాకు తుమ్ములు ఆగలేదు. అందరూ కంటతడి అనుకున్నారు. పెన్షను కాగితాలు ఆ తరువాత ఎనిమిది నెలలకు కదిలాయి.

అయినా ఈ లేఖ తమరిని నిందించడానికి రాసింది కాదు. మొన్న మార్నింగ్ వాక్‌కు వెళ్తూ పాత బస్టాండు వెనకగా నడిచాను. దీపాలు అలాగే ఉన్నాయి. మస్తరు పాయింటు దగ్గర ఆమె గోడకు వీపు ఆనించి నిలబడింది. ఒక తోటి కార్మికురాలు తమరిని రెండు చేతులా పరచి ఆమె ఎదురుగా పట్టుకుంది. మేస్త్రీ తన రెండో ఫోను టార్చి తమరి మీదికి వేశాడు. జరీ మీద పడిన వెలుగు పసుపుపచ్చగా ఆమె ముఖం మీదికి మళ్లింది. యాప్ కాసేపు ఆలోచించి ‘హాజరు నమోదైంది’ అంది. తరువాత మరొకామె వచ్చి అదే చోట నిలబడింది. ఆ పాయింటులో పద్నాలుగుమందికీ తమరొక్కరే.

కనుక తమరు దయతో తదుపరి సమావేశంలో తమ పలుకుబడిని ఉపయోగించి, పట్టణంలోని ప్రతి మస్తరు పాయింటుకూ ఒక శాలువా చొప్పున మంజూరు చేయించవలసిందిగా ప్రార్థన. వీధి దీపాలైతే వాయిదా పడతాయి. జరీ కాస్త వెడల్పుగా ఉన్న రకం చూడగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
పసుపు మరక శాలువా గ్రహీత