సవరణ: వరల్డ్ రోబోట్ ఒలింపియాడ్ వయసుల లెక్క

పోయినసారి ఈ పిల్లల రోబోల పోటీలోని రోబోమిషన్ విభాగం (జట్లు సొంతంగా రోబో కట్టి, ప్రోగ్రామ్ రాసి, ఇచ్చిన పనులు చేయించే విభాగం) గురించి రాస్తూ 12 ఏళ్ల లోపు వాళ్లు ఎలిమెంటరీ, 13-15 వాళ్లు జూనియర్, 16-19 వాళ్లు సీనియర్ అని గిరి గీసేశాను. అది పాత లెక్క. నా దగ్గరున్న పాత నియమాల ప్రతి చూసి రాసేయడం నాదే పొరపాటు.

ఇప్పటి లెక్క ప్రకారం ఎలిమెంటరీకి 8-12, జూనియర్‌కి 11-15, సీనియర్‌కి 14-19. అంకెలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి చూశారా, అచ్చుతప్పు కాదు, కావాలనే అలా పెట్టారు. పదకొండేళ్ల పిల్ల తమ్ముడితో కలిసి ఎలిమెంటరీలో ఆడొచ్చు, లేదా పై తరగతి అక్కలతో జూనియర్‌కి వెళ్లొచ్చు.

ఇంకో మెలిక ఉంది. గరిష్ఠ వయసును పోటీ రోజున చూడరు, ఆ ఏడాదిలో ఎన్నేళ్లు నిండుతాయో చూస్తారు. డిసెంబరులో 13 నిండే పిల్లాడు జూన్‌లో పన్నెండేళ్ల వాడే అయినా ఎలిమెంటరీకి పనికిరాడు. డిసెంబరు పుట్టినరోజుల తల్లిదండ్రులు నన్ను తిట్టుకోకండి!

జట్టు సంగతి మాత్రం సరిగ్గానే రాశాను: ఇద్దరు లేదా ముగ్గురు పిల్లలు, ఒక కోచ్. కోచ్‌కి కనీసం 18 ఏళ్లుండాలి. పోటీ నడుస్తుండగా రోబో మీద ఆయన చెయ్యి పడకూడదు. పోటీ రోజు ఉదయం చెప్పే 'సర్‌ప్రైజ్ రూల్'కి (అప్పటిదాకా బయటపెట్టని కొత్త నియమానికి) తగ్గట్టు ప్రోగ్రామ్ మార్చుకోవాల్సిందీ పిల్లలే.

పాత లెక్క నమ్మి ఎవరైనా జట్టు కట్టేసుంటే, పేర్లు ఇచ్చే ముందే పుట్టిన సంవత్సరాలు ఇంకోసారి చూసుకోండి.