సిరియా వాళ్లకేం తెలుసు?

యేసుప్రభువు ఎలా ఉండేవారో తేల్చడానికి పండితులు అనవసరంగా బుర్రలు బద్దలు కొట్టుకుంటున్నారు. ఏ క్రైస్తవ ఇంటి గోడ చూసినా తేలిపోయే సంగతి అది. భుజాల మీదికి జారే గోధుమరంగు జుట్టు, పాలస్తీనా ఎండ ఎన్నడూ సోకని ఒళ్లు. ఆధారం కావాలా? చికాగో చిత్రకారుడు వార్నర్ సాల్‌మన్ 1940లో వేసిన బొమ్మ ఉంది. దాని ప్రతులు 50 కోట్లకు పైగా అచ్చయ్యాయంటారు. అన్ని కోట్ల కాపీలు తప్పవుతాయా?

కొందరు సిరియాలో దూరా యూరోపస్ అనే పాతకాలపు పట్టణంలో దొరికిన ప్రభువు గోడ చిత్రాన్ని ముందుకు తెస్తారు. 3వ శతాబ్దం నాటిది. అందులో ఆయనకు గడ్డమే లేదు, జుట్టు కురచ. ప్రభువు కాలానికి దగ్గర, ఊరికీ దగ్గర. అయినా సరే, చికాగో వాళ్లకున్న అవగాహన సిరియా వాళ్లకెక్కడిది?

ఇక పెరూ వాళ్లయితే మరీను. కుస్కో కెథడ్రల్‌లో 18వ శతాబ్దపు కడరా భోజన చిత్రం ఒకటుంది. మార్కోస్ జపాటా వేశాడు. ప్రభువు ముందు పళ్లెంలో వాళ్లు విందుల్లో తినే గినీ పిగ్ (పంది కాదు, ఎలుక జాతి జంతువు), కాళ్లు పైకెత్తి పడుకుని ఉంటుంది! ఇలాంటి స్థానిక పైత్యం లియొనార్డో డావిన్సీ వేసిన కడరా భోజనంలో కనిపించదు. ఆయన ఇటలీ పద్ధతిలో పొడవాటి బల్ల వేసి, ఇస్త్రీ మడతలు కనబడే గుడ్డ పరిచి, అందరినీ ఫొటోకి కూర్చున్నట్టు ఒకే వైపు కూర్చోబెట్టాడు. దాన్ని ప్రపంచ కళ అంటారు.

గోవాలో ఆంజెలో డా ఫొన్సెకా మరియమ్మకు చీర కట్టి బొమ్మలు వేస్తే అక్కడి పెద్దలకు కోపం వచ్చింది. న్యాయమే. యూదు పల్లె పడుచుకు చీర కడితే చరిత్రను వక్రీకరించినట్టు. ఫ్లోరెన్స్ పట్టుగౌను తొడిగితే సంప్రదాయం. (వేళాంగణిలో అమ్మకు చీరే కడతారు. అది మొక్కుబడి, దాని లెక్క వేరు.) క్రిస్మస్‌కి విజయవాడలో పశువుల పాక మీద దూది మంచు పరుస్తాం కదా, అదీ సంప్రదాయమే. పక్కన ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది.

2001లో బీబీసీ కార్యక్రమం కోసం రిచర్డ్ నీవ్ అనే నిపుణుడు 1వ శతాబ్దపు యూదుడి పుర్రె ఆధారంగా ఒక ముఖం తయారుచేశాడు. అది ప్రభువు ముఖమని కాదు, ఆనాటి మనుషులు అలా ఉండేవారని. వెడల్పు మొహం, కురచ ఉంగరాల జుట్టు, ఎండకు కమిలిన రంగు. మన మిర్చి చేలల్లో ఏ గట్టు మీదైనా కనిపించే మనిషే. ఆ రంగుతో పెళ్లి ప్రకటన ఇస్తే ఒక్క ఫోనూ రాదు. నమ్మకపోతే ఆ ముఖాన్ని దగ్గర్లోని ఫ్లెక్సీ షాపుకి పంపి చూడండి. ఐదు నిమిషాల్లో జవాబొస్తుంది: "అన్నా, కొంచెం కలర్ పెంచమంటారా?"