ఒంటి తుమ్ము శాస్త్రం

మా నాయనమ్మ తన జీవితంలో చేసిన అతి దూర ప్రయాణం నరసన్నపేట నుంచి సింహాచలం దాకా. ఆ కాస్త దూరానికీ ఆవిడకు బోలెడు నిబంధనలుండేవి. సోమవారం, శనివారం తూర్పుకు శూల. మంగళ, బుధవారాల్లో ఉత్తరానికి కదలకూడదు. గురువారం దక్షిణానికి పనికిరాదు. వర్జ్యం, దుర్ముహూర్తం, రాహుకాలం పోగా మిగిలిన వేళలో బస్సుంటే ఎక్కాలి, లేకపోతే లేదు. అన్నీ కుదిరి గుమ్మం దాటుతుండగా ఎవరైనా ఒక్క తుమ్ము తుమ్మారా, వెనక్కొచ్చి కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరాలి. రెండు తుమ్మితే మాత్రం దోషం లేదు. ఒకటైతే ఎందుకు దోషం, రెండైతే ఎందుకు కాదు అని నేనడిగితే, "నోర్ముయ్యిరా గుంటడా" అనేది. శాస్త్రచర్చ అక్కడితో ముగిసేది.

తర్వాత నేను శ్రీకాకుళం జిల్లా బళ్ళలో ముప్పై మూడేళ్ళు సైన్సు చెప్పాను. మూఢనమ్మకాల పాఠం వచ్చినప్పుడల్లా నాయనమ్మ తుమ్మునే చెప్పి పిల్లల్ని నవ్వించాను. రిటైరయ్యాక, కరోనా రోజుల్లో, నేనూ మా ఆవిడా ఇంగ్లండులో ఉన్న మా రెండో అమ్మాయి దగ్గరికి వెళ్ళాలని పడ్డ పాట్ల వల్ల నా అభిప్రాయం మారింది. భూమ్మీద ఉన్న ప్రభుత్వాలన్నిటికంటే మా నాయనమ్మే పెద్ద హేతువాది అని సవినయంగా నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రోగం అబద్ధమని నేననను. ఆ రెండేళ్ళలో మా వీధిలో తెలిసిన ముఖాలు కొన్ని లేకుండా పోయాయి. రోగం వస్తే దారులు మూయాల్సిందే. వెనకటి రోజుల్లో ఇంట్లో అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండ కట్టేవారు. మండ ఉన్నన్నాళ్ళు ఆ గడప ఎవరూ తొక్కేవారు కారు, తీశాక వెళ్ళేవారు. ఎర్రమండ, పచ్చమండ, పసుపుమండ అని ఉండేవి కావు. నిన్న కట్టిన మండ ఈ రోజు చెల్లదని, పక్కూరి చెట్టు మండ అయితేనే ఒప్పుకుంటామని ఎవరూ అన్నట్టు నేను వినలేదు.

2020 మార్చి 23న మన దేశం నుంచి మామూలు అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. రెండు రోజులకు ఉగాది, ఆ రోజే లాక్‌డౌన్. వచ్చిన సంవత్సరం పేరు శార్వరి. శార్వరి అంటే రాత్రి. పంచాంగం ముందే అంత స్పష్టంగా చెప్పేసింది కాబట్టి ఆ ఏడాది మేం ఎవర్నీ తప్పుపట్టలేదు. మరుసటేడు ప్లవ. ప్లవ అంటే తెప్ప, పడవ. ఇక ప్రయాణాలే ప్రయాణాలని మురిసిపోయాం. అమ్మాయికి శ్రావణంలో పురుడు. 2021 ఏప్రిల్ 13న ఉగాది పచ్చడి తిని, మే నెలకు ప్రత్యేక విమానంలో టికెట్లు బుక్ చేశాం. సరిగ్గా ఆరు రోజులకు, 19న, బ్రిటన్ మన దేశాన్ని రెడ్ లిస్టులో పెడుతున్నామని ప్రకటించింది. 23వ తేదీ తెల్లవారుజామున నాలుగింటి నుంచి అమలు.

ఇక్కడ పాఠకులు ఒక సూక్ష్మం గమనించాలి. బ్రిటిష్ వారు ఏ నిబంధన తెచ్చినా తెల్లవారుజామున నాలుగింటికే అమలు చేసేవారు. రెడ్ లిస్టుకూ అదే వేళ, తర్వాత సడలింపులకూ అదే వేళ. మన వాళ్ళు దాన్ని బ్రాహ్మీ ముహూర్తం అంటారు. రెండొందల ఏళ్ళు ఇక్కడుండి ఏమీ నేర్చుకోకుండా పోయారని అనుకునేవాణ్ణి. పొరపాటు.

రెడ్ లిస్టు అంటే ఆ దేశ పౌరులూ, అక్కడ ఉండే హక్కున్నవాళ్ళే లోపలికి వెళ్ళాలి. వాళ్ళయినా మనిషికి 1,750 పౌండ్లు కట్టి పది రోజులు హోటల్ గదిలో బందీగా ఉండాలి. ఖైదీ తన జైలు ఖర్చు తానే భరించే ఈ పద్ధతి మన సెంట్రల్ జైళ్ళకు ఇంకా తోచలేదు. మాలాంటి చూడబోయేవాళ్ళకు ఆ భాగ్యం కూడా లేదు. మా ఆవిడ అప్పటికే పెట్టె సర్దేసింది. శొంఠి, పిప్పళ్ళు, వాము, పథ్యం కారం, రెండు కిలోల పలాస జీడిపప్పు. శొంఠి ఎన్నాళ్ళైనా ఉంటుంది. జీడిపప్పు ఉండదు కదా అని మేమే తినేశాం. అప్పట్నుంచీ మా ఇంట్లో తేదీలను జీడిపప్పుతో గుర్తుపెట్టుకోవడం అలవాటైంది. అది రెడ్ లిస్టు జీడిపప్పు.

ఆగస్టు 8న (వేళ మీకు తెలిసిందే) మనల్ని ఎరుపులోంచి కాషాయానికీ పసుపుకూ మధ్య రంగులోకి మార్చారు. మా ఆవిడ కుంకుమ పోయి పసుపొచ్చిందని సంతోషించింది. ఇప్పుడు వెళ్ళొచ్చు. వెళ్ళాక పది రోజులు ఇంట్లో గది దాటకూడదు. ఎందుకంటే మేం వేయించుకున్న టీకాలు టీకాల కింద లెక్కకు రావట. పక్క గదిలో కూతురికి పురుడైతే ఈవిడ తలుపు సందులోంచి కషాయం కొలతలు చెప్పాలన్నమాట. ఆ పని శ్రీకాకుళం నుంచి వీడియో కాల్‌లో టికెట్ ఖర్చు లేకుండా చెయ్యొచ్చని ఆగిపోయాం. మనవడు పుట్టాడు. ఫోన్లో చూశాం. బారసాలకు కూడా ఫోన్‌నే ఉయ్యాల దగ్గర నిలబెట్టారు.

ఇక టీకాల గురించి. ఇది కాస్త లోతైన విషయం, నెమ్మదిగా చదవండి. నేను వెళ్ళిన రోజు టీకా కేంద్రంలో కొవిషీల్డ్ ఉంది. మా ఆవిడ వెళ్ళిన రోజు కొవాక్సిన్ ఉంది. రేషన్ షాపులో బియ్యం ఏ గోదాం నుంచి వచ్చాయని అడగం కదా, అలాగే అడగలేదు. ఆ ఒక్క రోజు తేడాతో మా దాంపత్యం రెండు రాశులుగా చీలిపోతుందని అప్పుడు తెలీదు. నాది కొవిషీల్డ్ రాశి. తనది కొవాక్సిన్ రాశి.

కొవిషీల్డ్ అంటే ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు కనిపెట్టిన టీకానే పుణెలో తయారు చేసింది. 2021 మార్చిలో బ్రిటన్ కూడా పుణె నుంచి 50 లక్షల డోసులు తెప్పించుకుంది. ఆ సీసా లండన్ వాడి జబ్బకు ఎక్కితే టీకా, శ్రీకాకుళం వాడి జబ్బకు ఎక్కితే ఉత్త నీళ్ళు. సెప్టెంబరులో మన ప్రభుత్వం గట్టిగా అడిగితే, సరే, కొవిషీల్డ్ మంచిదే, మీ సర్టిఫికెట్‌తోనే ఇబ్బంది అన్నారు. అందులో వయసే కానీ పుట్టిన తేదీ పూర్తిగా లేదట.

ఇక్కడ మా తరం గుట్టు ఒకటి చెప్పాలి. నాతోపాటు ఒకటో తరగతిలో చేరిన పదిహేడు మందిమీ జూలై ఒకటినే పుట్టాం. బళ్ళో చేర్చుకున్న రోజు మాస్టారు అలా రాశారు. నేను మాస్టారయ్యాక ఎంతమందిని జూలై ఒకటిన పుట్టించానో నాకే లెక్కలేదు. అలాంటి తేదీ కోసం రెండు దేశాలు ఉత్తరాలు రాసుకుంటుంటే నాకు కొంచెం సిగ్గేసింది.

అక్టోబరు 4 నుంచి మన ప్రభుత్వం, మీ వాళ్ళు మా దేశానికొస్తే వాళ్ళూ పది రోజులు క్వారంటైన్‌లో ఉండాలంది. మన పెళ్ళిళ్ళు చూసినవాళ్ళకు ఇది అర్థం కావడానికి దౌత్యశాస్త్రం అక్కర్లేదు. మగపెళ్ళివారి బావగారికి అప్పడం వెయ్యలేదు. దానికి వాళ్ళు విడిదిలో అలిగారు. మర్నాడు ఆడపెళ్ళివారి చిన్నాన్నకు మంచం వెయ్యలేదు. చివరికి ఎవరో పెద్దమనిషి మధ్యలోకొచ్చి అప్పడం వేయించాడు. 11వ తేదీ నుంచి కొవిషీల్డ్ చెల్లింది. ఇద్దరి అలకా తీరింది.

అంటే నేను వెళ్ళొచ్చు. బాలింతకు తలంటడం, పసివాడికి నలుగు పెట్టడం, పథ్యం వండటం, వీటిలో ఒక్కటీ చేతకాని మనిషికి దారి తెరుచుకుంది. అన్నీ వచ్చిన మనిషికి తెరుచుకోలేదు. ఆ ఆరు వారాలూ మా ఇంట్లో నేను కొవిషీల్డ్ మాట ఎత్తలేదు. ప్రాణభయం ఎవరికైనా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొవాక్సిన్‌ను ఒప్పుకున్నది నవంబరు 3న, దీపావళి ముందురోజు. ఆ వార్త విని మా ఆవిడ టపాకాయలు కొనిపించింది. బ్రిటన్ ఒప్పుకోవడానికి 22 దాకా పట్టింది. ఒక కిలో జీడిపప్పు.

ఇంతలో నవంబరు 26న మన ప్రభుత్వం శుభవార్త చెప్పింది. డిసెంబరు 15 నుంచి మామూలు విమానాలు మళ్ళీ మొదలు. రేట్లు దిగుతాయని ఆ సాయంత్రమే 18వ తేదీకి టికెట్లు తీశాను. అదే నవంబరు 26న ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త రకం వైరస్‌కు ఒమిక్రాన్ అని పేరు పెట్టింది. ఒకే తిథిలో శుభమూ అశుభమూ రెండూ! డిసెంబరు 1న మన వాళ్ళు, మామూలు విమానాలు ఇప్పుడు కాదు, తర్వాత చెప్తాం అన్నారు. టికెట్ డబ్బు సంగతి అడిగితే, డబ్బు వెనక్కి రాదు, క్రెడిట్ షెల్ ఇస్తామన్నారు. అంటే మన డబ్బుతో మళ్ళీ వాళ్ళ దగ్గరే కొనుక్కోవడానికి మనకిచ్చే అనుమతి. మా వీధి చీటీపాటల ఆవిడ కూడా ఇంతకంటే మర్యాదగా ఎగ్గొట్టింది.

ఈ కష్టాలన్నిటికంటే పెద్ద కష్టం ఊళ్ళో తిరగడం. లండన్ వెళ్తున్నామని నలుగురికీ చెప్పేశాం. వెళ్ళలేదు. ఏడు రోడ్ల జంక్షన్‌లో కూరగాయల సంచితో కనబడితే చాలు, "ఏటి మాస్టారూ, ఇంకా ఎల్లలేదేటి?" రెండోసారి, "ఎప్పుడొచ్చేసారు?" రథసప్తమినాడు అరసవల్లిలో దర్శనం క్యూలో ఒకాయన నన్ను చూసి, "లండన్‌లో ఉన్నారని మా అప్ప చెప్పిందే" అని అనుమానంగా చూశాడు. మాస్కు పైకి లాక్కున్నాను. మాస్కు వల్ల జరిగిన ఆ మేలు గురించి ఏ ఆరోగ్య శాఖా చెప్పలేదు.

మా బాధ ముచ్చట బాధ. ఉద్దానం వైపు నుంచి గల్ఫ్‌కు వెల్డింగుకీ, ఫిట్టర్ పనికీ పోయే కుర్రాళ్ళున్నారు. సెలవుకొచ్చి ఇరుక్కుపోయారు. సౌదీ వెళ్ళాలంటే నేరుగా కుదరదు, వేరే దేశంలో 14 రోజులుండి వెళ్ళాలి. నేపాల్, మాల్దీవులు, ఆర్మీనియా, ఏది తెరిచి ఉంటే అది. మా నాయనమ్మ దీన్ని ప్రస్థానం పెట్టడం అనేది. ముహూర్తానికి కదల్లేకపోతే ఒక మూట తీసుకెళ్ళి ఎదురింట్లో పెట్టొస్తే బయల్దేరినట్టే లెక్క. తేడా ఏమిటంటే నాయనమ్మ మూటకు ఎదురింటివాళ్ళు అద్దె అడగలేదు. ఈ కుర్రాళ్ళు అప్పు చేసి తామే మూటలై ఖాట్మండు హోటళ్ళలో కూర్చున్నారు. కూర్చున్నాక నేపాల్ కూడా ఆ దారి మూసేసింది. 2021 డిసెంబరులో గానీ సౌదీ అందర్నీ నేరుగా రానివ్వలేదు. సెలవు దాటిపోయి ఉద్యోగం పోయినవాళ్ళ గురించి వ్యంగ్యం రాయడం నాకు చేతకాదు.

కాబట్టి ప్రపంచ ప్రభుత్వాలకు నా ప్రతిపాదన. ఏటా ఉగాదికి అంతర్జాతీయ ప్రయాణ పంచాంగం అచ్చువేయించండి. కొవిషీల్డ్ రాశి వారికి రాజపూజ్యం 2, అవమానం 6. కొవాక్సిన్ రాశి వారికి కార్తీకం దాకా పడమటి దిక్కు శూల. ఆర్‌టీపీసీఆర్ వర్జ్యం 72 గంటలు, కొన్ని దేశాలకు 48. ఆ గంటలు ముక్కులో పుల్ల పెట్టినప్పట్నుంచా, రిపోర్టు వచ్చినప్పట్నుంచా అన్నది చిన్న అక్షరాల్లో కాకుండా పెద్ద అక్షరాల్లో వెయ్యండి. శ్రీకాకుళంలో పుల్ల పెట్టించుకుని, వంద కిలోమీటర్ల పైన ప్రయాణించి విశాఖ చేరి, హైదరాబాదులో విమానం మారేవాడికి ఆ తేడా మీదే జీవితం ఆధారపడుతుంది. నిబంధనకు అర్థం ఉండాలని నేను పట్టుబట్టను. ఒంటి తుమ్ముకు ఏం అర్థముంది? కానీ మా నాయనమ్మ సోమవారం చెప్పింది బుధవారం మార్చలేదు. సింహాచలం బస్సు ఎక్కాక వెనక్కి పిలవలేదు.

2022 మార్చి 18న, తెల్లవారుజామున నాలుగింటికే, బ్రిటన్ నిబంధనలన్నీ ఎత్తేసింది. 27న మన మామూలు విమానాలు మొదలయ్యాయి. రెండేళ్ళ నాలుగు రోజులు. ఏప్రిల్ 2న ఉగాది, శుభకృత్. వీసా గడువు ఇంకా మిగిలి ఉండటం నా జన్మలో జరిగిన ఏకైక అదృష్టం. పెట్టె మళ్ళీ సర్దాం. శొంఠి, పిప్పళ్ళు తీసేశాం. అన్నప్రాశన వెండి గిన్నె పెట్టి, అదీ ఫోన్లో అయిపోయిందని గుర్తొచ్చి, పాకే పిల్లాడికి కాళ్ళ గజ్జెలు పెట్టాం. జీడిపప్పు ఈసారి మూడు కిలోలు.

హైదరాబాదు విమానాశ్రయంలో సెక్యూరిటీ క్యూలో ఉన్నాం. బెల్టు తీసి ట్రేలో పెడుతుంటే నాకు తుమ్మొచ్చింది. ఆపుకున్నాను. ఆగలేదు. మాస్కులోనే, మోచేతిలోనే, సకల శాస్త్రాల ప్రకారం తుమ్మాను. ఒక్కటే. ముందున్నవాళ్ళు అడుగు ముందుకు జరిగారు, వెనకున్నవాళ్ళు రెండడుగులు వెనక్కి. యూనిఫాం వేసుకున్నాయన తలెత్తి నన్నే చూస్తున్నాడు.

మా ఆవిడ నా చెయ్యి గిల్లి మెల్లగా అంది, "ఇంకోటి తుమ్మండి."