హంతకుడికి ఫ్లాష్‌బ్యాక్ మంజూరు

‘డెత్ నోట్’ అనే జపనీస్ మాంగాలో, అంటే బొమ్మల కథలో, ఒక ఘోరమైన లోపం ఉన్నదనీ, కథానాయకుడు హంతకుడు కావడానికి అందులో తగిన కారణం చూపలేదనీ, ఆ లోపాన్ని సవరించే పవిత్ర బాధ్యతను తెరకెక్కించేవాళ్లు ఒకరి తర్వాత ఒకరు భుజాన వేసుకున్నారనీ ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమైనది. 2003 డిసెంబరులో ‘షోనెన్ జంప్’ వారపత్రికలో మొదలై 2006 మే నెలలో ముగిసిన 108 అధ్యాయాల్లో ఎక్కడా రచయిత సుగుమి ఒహ్బాకు గానీ, చిత్రకారుడు తకేషి ఒబాటాకు గానీ ఈ చిన్న విషయం తట్టకపోవడం మిక్కిలి విచారకరం.

కుర్రవాడి పరిస్థితి ఒకసారి పరిశీలించండి. పేరు లైట్ యాగమి. తండ్రి పోలీసు శాఖలో పెద్ద అధికారి, పైగా నిజాయితీపరుడు. తల్లి మార్కులు చూసి మురిసిపోతుంది. చెల్లెలు హోంవర్కు చెప్పించుకోవడానికి గదిలోకి వస్తుంది. చదువులో దేశానికే ప్రథముడు, అందగాడు కూడాను. ఏ లోటూ లేని ఇటువంటివాడి ముందు మృత్యుదేవత ఒకడు తన పుస్తకాన్ని జారవిడిచాడు. మొహాన్ని తలచుకుంటూ అందులో పేరు రాస్తే చాలు, 40 సెకన్లలో ఆ పేరు గలవాడి గుండె ఆగిపోతుంది. మనవాడు రాశాడు, ఇక రాయడం ఆపలేదు. ఎందుకయ్యా అంటే విసుగెత్తింది అన్నాడు, లోకం కుళ్లిపోయింది అన్నాడు, రాబోయే కొత్త లోకానికి తానే దేవుణ్ణన్నాడు. ఇదీ ఒక కారణమేనా? మన సినిమాల్లో అయితే ఇంటర్వెల్ తర్వాత వచ్చే ఫ్లాష్‌బ్యాక్‌లో వాడి ఇంటిని తగలబెట్టి, ఇద్దరు ముగ్గురు బంధువులను విలన్ చేత చంపించి, ఆ మీదట ఎన్ని తలలు నరికినా ప్రేక్షకుడు ఈలలు వేసేలా సకల ఏర్పాట్లూ చేసి ఉండేవారు.

జపాన్ టీవీవాళ్లు 2015లో మొదటి సవరణ చేశారు. మేధావి అనే నేరారోపణ నుంచి లైట్‌ను తప్పించి, పబ్బులో పార్ట్‌టైమ్ పని చేసుకుంటూ, పాటలు పాడే అమ్మాయిల బృందాన్ని ఆరాధించే మామూలు విద్యార్థిగా మార్చారు. పాపం, మనలాంటివాడే అని మనం అనుకోవాలి. కానీ సవరణను సంపూర్ణం చేసిన ఘనత మాత్రం నిస్సందేహంగా 2017లో నెట్‌ఫ్లిక్స్ కోసం ఆడమ్ వింగార్డ్ తీసిన చిత్రానిదే. టోక్యో కాస్తా సియాటిల్ అయింది, యాగమి కాస్తా టర్నర్ అయ్యాడు. అందుకు నాకు ఆక్షేపణ లేదు, ఊళ్లు మారుతుంటాయి, ఇంటిపేర్లూ మారుతుంటాయి. తల్లి మాత్రం లేదు. ఆమెను ఒకడు చంపాడు, శిక్ష తప్పించుకుని హాయిగా తిరుగుతున్నాడు. బడిలో ఇతణ్ణి కొట్టేవాడు కూడా ఒకడున్నాడు. మంజూరు కావలసిన ఫ్లాష్‌బ్యాక్ మంజూరైంది.

ఆ చిత్రంలో మృత్యుదేవత ర్యూక్ ప్రత్యక్షమయ్యే ఘట్టం ప్రపంచ సినిమా చరిత్రలో ప్రత్యేక అధ్యాయానికి అర్హమైనది. బడి ముగిసిన తర్వాత శిక్షగా కూర్చోబెట్టిన తరగతి గది. గాలివాన, ఎగిరే కాగితాలు, కదిలే బల్లలు. నీడలోంచి విలెమ్ డఫో గొంతుతో ర్యూక్ వచ్చాడు. అప్పుడు లైట్ టర్నర్ అరిచాడు. దాన్ని అరుపు అనడం కూడా తక్కువే. అది ఒక కచేరీ. ముందు పై స్థాయిలో అరిచాడు, ఊపిరి పీల్చుకుని ఇంకా పైకి వెళ్లాడు, బల్లల మధ్య పడుతూ లేస్తూ మళ్లీ అందుకున్నాడు, ఇక అయిపోయిందని మనం కుదుటపడేలోగా కొత్త శ్రుతిలో ఇంకోటి వదిలాడు. యుగాలుగా మనుషులను చూస్తున్న ఆ మృత్యుదేవత కూడా, ఈ అబ్బాయి ఎప్పుడు ఆపితే తన డైలాగు చెప్పుకుందామా అన్నట్టు వేచి ఉండవలసి వచ్చింది.

మూలంలో పుస్తకం దొరికిన 5 రోజులకు ర్యూక్ వస్తాడు. లైట్ యాగమి ఒక్కసారి ఉలిక్కిపడి, వెంటనే సర్దుకుని, నీకోసమే ఎదురుచూస్తున్నానని చెప్పి, అప్పటికే పేర్లతో నిండిపోయిన పేజీలు చూపిస్తాడు. ఆశ్చర్యపోవడం మృత్యుదేవత వంతు అవుతుంది. ఆ తర్వాత పుస్తకాన్ని దాచడానికి బల్ల సొరుగుకు దొంగ అడుగు అమర్చి, కింద చిన్న కంత చేసి, బాల్‌పెన్ను రీఫిల్ గుచ్చి ఎత్తితేనే పైపలక లేచేలా, మరోలా లాగితే పెట్రోలు అంటుకుని పుస్తకం కాలిపోయేలా ఏర్పాటు చేస్తాడు. టర్నర్‌గారు ఇంత శ్రమ పడలేదు. పుస్తకాన్ని బడి వ్యాయామశాలకు పట్టుకెళ్లి, అదేమిటని అడిగిన అమ్మాయికి చూపించారు.

అసంబద్ధత కావాలంటే మూలంలోనే కావలసినంత ఉంది, దాన్ని ఎలా నడపాలో 2006లో మ్యాడ్‌హౌస్ సంస్థ కోసం అనిమే, అంటే జపనీస్ యానిమేషన్ ధారావాహిక, తీసిన తెత్సురో అరాకికి తెలుసు. అనుమానంతో దర్యాప్తువాళ్లు గదిలో 64 రహస్య కెమెరాలు పెట్టి చూస్తుంటే, ఇంట్లో ఇంకెవరూ ముట్టని రుచి గల చిప్స్ ప్యాకెట్టులో బుల్లి టీవీ దాచి, కుడిచేత్తో లెక్కలు చేస్తూ, ఎడమచేత్తో పేర్లు రాస్తూ, మధ్యలో ఒక చిప్‌ను తీసి నోట్లో వేసుకుంటాడు లైట్. ఆ ఒక్క చిప్ కోసం మహాయుద్ధానికి కూడా దక్కని సంగీతం మోగుతుంది. నవ్వు వస్తుంది, తప్పదు. ఆ నవ్వులోనే ఒళ్లు జలదరిస్తుంది, ఎందుకంటే చిప్స్ కరకరలాడుతుండగానే ఎక్కడో మనుషులు చచ్చిపోతున్నారు.

మార్పులు చేయడమే తప్పని నేను అనడం లేదు. 2006లో షుసుకే కనెకో తీసిన చిత్రంలో మూలంలో లేని షియోరి అనే ప్రియురాలిని సృష్టించారు. లైట్ ఆమె పేరు కూడా రాస్తాడు. తన మీద అనుమానం పోవడానికి రాస్తాడు, రాసి, అందరి ముందూ ఏడుస్తాడు. ఆ కల్పన అతడి నేరాన్ని పెంచింది. అందుకే అది నిలబడింది.

నెట్‌ఫ్లిక్స్ చిత్రం చేసినది వేరు. మూలంలో తన వెంటపడిన 12 మంది ఎఫ్‌బీఐ ఏజెంట్లను చంపించినవాడు లైట్. వారిలో ఒకడైన రే పెంబర్‌కు కాబోయే భార్య నవోమి మిసోరా ఆధారం పట్టుకుని పోలీసుల దగ్గరకు వస్తే, వీధిలో పక్కనే నడుస్తూ, మర్యాదగా మాట్లాడుతూ, నమ్మించి అసలు పేరు చెప్పించుకుని రాసి, గడియారం చూసుకుని, కిరాను, అంటే లోకమంతా ఆ పేరుతో పిలిచే హంతకుణ్ణి, నేనే అని ఆమెతోనే చెప్పినవాడు లైట్. ఆ పేజీలు చదివినవాడెవడూ ఇక లైట్ పక్షాన హాయిగా నిలబడలేడు. సియాటిల్ చిత్రంలో ఆ ఏజెంట్లను చంపింది ఎవరో తెలుసా? ప్రియురాలు మియా. రక్తదాహం ఆమెకు అంటగట్టారు, అంతరాత్మను ఇతడికి అంటించారు. అబ్బాయి మంచివాడే, అమ్మాయి చెడగొట్టింది! ఊరి రచ్చబండ మీద నూరేళ్లుగా వినబడుతున్న ఈ నీచమైన తీర్పును చెప్పడానికి ఇంత ఖర్చు పెట్టి సినిమా తీయాలా? ఇది కథను కొత్త దేశానికి తగ్గట్టు మలచడం కాదు, పిరికితనం. తమ కథానాయకుడి చేతికి అంటిన నెత్తురు చూసే ధైర్యం లేక, ఆ చేతిని పక్కనున్న ఆడపిల్ల కొంగుకు తుడిచారు. తల్లిని చంపి కారణం సంపాదించారు, ప్రియురాలి మీదకు తోసి నేరం వదిలించుకున్నారు. ఏ బాధా లేని, ఏ అన్యాయమూ జరగని, కడుపు నిండిన కుర్రవాడు కేవలం చేయగలడు కాబట్టి హత్యలు చేశాడన్న మాట చెప్పలేనివాళ్లు ఈ పుస్తకాన్ని ముట్టుకోవడం దేనికి?

‘స్ట్రేంజర్ థింగ్స్’ తీసిన డఫర్ సోదరుల చేతి మీదుగా మరో కొత్త ధారావాహిక రానుందని నెట్‌ఫ్లిక్స్ 2022లో ప్రకటించింది. వారి సౌకర్యార్థం సవినయంగా మనవి చేసుకునేదేమనగా, తల్లిని ఇప్పటికే ఒకసారి వాడేశారు కాబట్టి చెల్లెలు సయు ఖాళీగానే ఉంది. ఆమెకు ఖరీదైన గుండె ఆపరేషన్ ఒకటి పెట్టుకోవచ్చు. డబ్బు కట్టనిదే చేయనన్న డాక్టరు పేరు పుస్తకం మొదటి పేజీలోకి సరిగ్గా సరిపోతుంది.